మా బావ హస్తవాసి

మా బావకి చదువు అబ్బలేదు. పని అంతంత మాత్రం. ఓపికా, ఎదుటివాడు చెప్పేది వినే గుణమూ ఆ ఇంటావంటా లేవు. ఉన్నదల్లా ఒక్కటే, హస్తవాసి. ఆయన చెయ్యి పడితే ఎంతటి గాయమైనా ఇట్టే మానిపోతుందట. ఉందని ఎవరు తేల్చారయ్యా అంటే, ముందు ఆయనే తేల్చుకున్నాడు. తర్వాత మా అక్క తేల్చింది. ఆ తర్వాత మా షెడ్డులో పనిచేసే పద్దెనిమిది మందీ తేల్చేశారు. నేనొక్కదాన్నే తేల్చలేదు. అందుకని నాకు పొగరని పేరు.

మాది అద్దాలు కోసే షెడ్డు. కిటికీల అద్దాలు, బల్లల మీద పరిచే అద్దాలు, మంగలి షాపుల్లో పెట్టే నిలువుటద్దాలు, అన్నీ మా దగ్గరే తయారవుతాయి. మా బావ అక్కడ మేస్త్రీ. నేను అంచులు అరగదీసే మిషను మీద పనిచేస్తాను. మా ఆయన అద్దాల మీద పువ్వులూ తీగలూ చెక్కుతాడు. బావా మా ఆయనా తోడల్లుళ్లు. మా ఇద్దరికీ అక్కడ పని ఇప్పించింది బావే. ఆ సంగతి మేము మర్చిపోతామేమోనని వారానికి రెండుసార్లు ఆయనే గుర్తు చేస్తుంటాడు.

మా ఆయన గురించి ఒక్క ముక్క చెప్పాలి. తలుపు తగిలితే తలుపుకే సారీ చెప్పే రకం. నోట్లో నాలుక లేదు, ఉన్నదంతా వేళ్లలోనే ఉంది. చిన్న చక్రం ఉన్న మిషనుని పెన్ను పట్టుకున్నట్టు పట్టుకుని గాజు మీద ఆకుల ఈనెలు కూడా లెక్కపెట్టి చెక్కుతాడు. మధ్యమధ్యలో మిషను ఆపి, కళ్లు మూసుకుని, కుడి చూపుడు వేలితో గాడిని తడిమి చూస్తాడు. లోతు ఎంత దిగిందో ఆ వేలికే తెలుస్తుందట. కంటికి తెలియదట. ఆ చుట్టుపక్కల అలా చెక్కేవాడు మరొకడు లేడు. మా పిల్ల చదువూ, మా ఇంటద్దే, మేము తినే తిండీ అన్నీ ఆ వేలి మీదే నడుస్తున్నాయి. నా మిషను పని కూరగాయలకి సరిపోతుంది, అంతే.

గాజు పని అంటే తెగడం మామూలే. రోజుకి ఒక్కరికైనా తెగకుండా మా షెడ్డులో సాయంత్రం కాదు. తెగినవాడు ముందు అమ్మా అనడు, "మేస్త్రీ!" అంటాడు. బావ ఎక్కడున్నా పరుగెత్తుకొస్తాడు. ఆ రాకే వేరు. చొక్కా చేతులు పైకి మడుస్తూ, "తప్పుకోండి, తప్పుకోండి, నేనొచ్చానుగా" అంటూ జనాన్ని రెండుగా చీల్చుకుంటూ వస్తాడు. వచ్చి, తెగిన చేతిని తన ఒట్టి చేతుల్లోకి తీసుకుంటాడు. కుడి బొటనవేలి గోరు అంగుళం పెంచాడు మహానుభావుడు. గాజు ముక్క తియ్యడానికేనట. ఆ గోటితో గాయం లోపల కెలుకుతాడు. ముక్క వస్తే పైకెత్తి అందరికీ చూపిస్తాడు. తర్వాత గాయం మీద ఉఫ్ ఉఫ్ అని నోటితో ఊదుతాడు. పొద్దుట్నించీ మొహం తుడుచుకున్న రుమాలే వెనక జేబులోంచి తీసి బిగించి కట్టేస్తాడు. "పో, మూడోరోజు నేనే విప్పుతాను. ఈలోగా ఎవడైనా ముట్టుకున్నాడో, నాకు తెలిసిపోద్ది" అంటాడు.

ఆయనలో మంచి అసలే లేదంటే నా నోరు పడిపోతుంది. రక్తం చూడగానే గోడకి ఆనుకుని కూలబడే మగాళ్లు మా షెడ్డులో అరడజను మంది ఉన్నారు. బావ అలా కాదు. వెనకడుగు వెయ్యడు. ఒకసారి అద్దం జారి ఒకతనికి తొడ తెగితే, ఆసుపత్రి చేరేదాకా రెండు చేతులూ పెట్టి అదిమి పట్టుకుని కూర్చున్నాడు. అతను బతికాడు. హస్తవాసి పేరు ఆ రోజే వచ్చింది. అదిమి పట్టినందుకు రక్తం ఆగిందే గాని అది మా బావ చెయ్యి కావడం వల్ల కాదని ఒక్కరికీ తట్టలేదు. అందరికన్నా ముందు ఆయనకి తట్టలేదు. ఆ రోజు రక్తం అంటిన చొక్కాతోనే రెండు వీధులు తిరిగొచ్చి, కాఫీ హోటల్లో కూర్చుని, కథంతా చెప్పి ఇంటికి పోయాడు. మా అక్క ఆ చొక్కాని ఒట్టి చేతులతో ఉతికి, ఉతికినంతసేపూ ఇరుగుపొరుగుకి చూపించింది. ఇద్దరికి ఇద్దరే.

షెడ్డులో ప్రథమ చికిత్స పెట్టె ఒకటి ఉండేది. తనిఖీకి వచ్చేవాళ్లకి చూపించడానికి యజమాని కొన్నాడు. అందులో బావ దువ్వెన, కళ్లజోడు, టీలోకి పంచదార పొట్లం ఉండేవి. గ్లోవ్స్ పెట్టె కూడా ఒకటి ఉండేది. నా మిషను నీళ్ల గొట్టం కారుతుంటే ఆ గ్లోవ్స్ వేళ్లు కత్తిరించి చుట్టేవాడు బావ. వాటితో ఆయనకి తెలిసిన ఉపయోగం అదొక్కటే.

ఒకసారి తనిఖీకి వచ్చినావిడ ఆ పంచదార పొట్లం చూసి యజమానిని దులిపేసింది. షెడ్డు నుంచి ఒకరు ప్రథమ చికిత్స శిక్షణకి వెళ్లి తీరాలంది. యజమాని బావని వెళ్లమన్నాడు. బావ ఒంటికాలి మీద లేచాడు.

"నాకు నేర్పేవాడు ఇంకా పుట్టలేదు. కావాలంటే వాళ్లనే ఇక్కడికి పంపండి, నేను నేర్పుతా" అన్నాడు.

చివరికి నన్ను పంపారు. ఆడదాన్ని, రెండు రోజులు మిషను ఆగినా కొంప మునగదని.

నేర్పినావిడ ఒక పెద్ద నర్సు. లావుపాటి మనిషి, గొంతు ఇంకా లావు. రాగానే మా అందరి చేతులూ చూసింది. నా వేళ్ల మీద గాజు గీతలు చూసి, "ఇది చూడండి, ఇవన్నీ తలుపులే. దెబ్బ తగిలినవాళ్ల రక్తం నీలోకి రావడానికీ, నీ చీము వాళ్లలోకి పోవడానికీ" అంది. నేను అప్పటిదాకా గ్లోవ్స్ అంటే మనల్ని మనం కాపాడుకోవడానికే అనుకున్నాను. రెండోవైపు సంగతి ఆ రోజే తెలిసింది. చేతులు కడుక్కో, తుడుచుకో, గ్లోవ్స్ వేసుకో. లేకపోతే శుభ్రమైన కవరన్నా తొడుక్కో. అదీ లేకపోతే తెగినవాడి చేతే వాడి గాయాన్ని అదిమి పట్టించు. నీ చేతికి పుండు ఉంటే కట్టు కట్టుకో, లేదా పక్కకి తప్పుకో. గాయం మీద ఊదకు, దగ్గకు, కబుర్లు చెప్పకు. లోతుగా దిగిన గాజుని కెలక్కు, ఆసుపత్రికి పంపు. ఆవిడ ఒక్కొక్కటీ చెబుతుంటే నాకు కళ్ల ముందు మా బావే కనిపించాడు. వద్దన్నవన్నీ వరసగా చేస్తూ.

గ్లోవ్స్ విప్పడం కూడా ఒక విద్యే. మా చేతులకి గ్లోవ్స్ తొడిగించి, వాటి మీద ఎర్రరంగు పూసి, చర్మానికి చుక్క అంటకుండా విప్పమంది. మొదటిసారి నాకు మోచేతి దాకా అంటింది. "చచ్చావు ఫో" అంది నర్సు. నాలుగోసారికి అంటలేదు. ఆ పూట ఇంటికి ఎంత గర్వంగా వచ్చానో చెప్పలేను.

ఆ గర్వాన్ని మర్నాడు పది గంటలకల్లా దించేశారు. కోత బల్ల మీద పనిచేసే పెద్దాయనకి అరచెయ్యి గీరుకుంది. నేను గ్లోవ్స్ వేసుకుని వెళ్లేసరికి చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

"ఏమ్మా, నా రక్తమంటే అంత రోతా?" అన్నాడు.

"రోత కాదు బాబాయ్, మీకే మంచిది."

"మేస్త్రీ ఏనాడైనా ఇలా తొడుక్కుని ముట్టుకున్నాడా? మనిషంటే ఆయన."

పక్కనున్న ఇంకో మేధావి అందుకున్నాడు. "అయినా రబ్బరు అడ్డం వస్తే హస్తవాసి ఎలా పనిచేస్తుందండీ?"

అందరూ తలలూపారు. పద్దెనిమిది తలలు! ఒక్కదాంట్లోనైనా గుప్పెడు గుజ్జు ఉంటే ఒట్టు. బావ చిరునవ్వు నవ్వుతూ, నన్ను భుజం మీద తట్టి పక్కకి జరిపి, ఉఫ్ అని ఊది, రుమాలు కట్టాడు. పెద్దాయన గాయం మానింది. పైపై గీత, ఎలాగూ మానేదే. ఆ రోజు నించి నన్ను 'రబ్బరమ్మ' అని పిలవడం మొదలుపెట్టారు.

ఇంటికెళ్లి మా ఆయనతో మొత్తుకున్నాను. ఆయన అంతా విని, "అన్నయ్యకి చెప్తే బాధపడతాడే" అన్నాడు. మా ఆయనకి తెలిసిన వైద్యం అదొక్కటే, ఎవరూ బాధపడకుండా చూడటం.

అలా నాలుగు నెలలు గడిచాయి. ఆ పెంచిన గోటి పక్కనే బావకి గోరుచుట్టు లేచింది. బొటనవేలు ఎర్రగా ఉబ్బి, గోరు అంచున పచ్చగా చీము కనిపిస్తోంది. టీ గ్లాసు కూడా చూపుడు వేలూ మధ్యవేలూ కలిపి పట్టుకుంటున్నాడు. నేను శుభ్రమైన గుడ్డముక్క తెచ్చి కట్టుకోమన్నాను.

"నా చేతికి కట్టా? నలుగురూ చూస్తే ఏమనుకుంటారే? వైద్యుడికే రోగమా అని నవ్వరూ?"

"నవ్వితే నవ్వనీ బావా. అది మానేదాకా ఎవరి గాయాన్నీ ముట్టుకోకు, చాలు."

"నువ్వు రెండు రోజులు నేర్చుకున్నావు. నేను ఇరవై ఏళ్లుగా చేస్తున్నాను. పో, నీ మిషను చూసుకో."

మూడు రోజుల తర్వాత, టీలు తాగి పనిలో కూర్చున్న కాసేపటికే మా ఆయనకి తెగింది. పెద్ద నిలువుటద్దాన్ని బోర్లా తిప్పుతుంటే మూల విరిగి, కుడి చూపుడు వేలి మొదట్లో దిగింది. ఆయన అరవలేదు. మెల్లగా "అబ్బా" అన్నాడు, అంతే. నేను మిషను మీంచి తలెత్తేసరికి బల్లంతా ఎర్రగా ఉంది. తెగింది ఆ వేలే.

"అలాగే అదిమి పట్టుకోండి! ఎవరూ ముట్టుకోవద్దు, వస్తున్నా!" అని అరిచాను.

పరుగెత్తాను. పెట్టె తెరిచాను. నా చేతులు మిషను నీళ్లతో తడిసి, గాజు పిండితో తెల్లగా ఉన్నాయి. కడిగాను. తుడిచాను. ఆదరాబాదరాలో తుడిచింది చాల్లేదు, గ్లోవ్ రెండో వేలి దగ్గర ఇరుక్కుపోయింది. లాగుతున్నాను. ఈలోగా బావ రానే వచ్చాడు, చొక్కా చేతులు మడుస్తూ.

నన్ను చూసి, "పెళ్లికూతురు ముస్తాబవుతోందర్రా! అయ్యేసరికి పెళ్లికొడుకు ఉంటాడో లేదో!" అన్నాడు.

షెడ్డు షెడ్డంతా గొల్లుమంది. నొప్పితో చెమటలు పట్టిన మా ఆయన కూడా, బావ జోకు వేశాడు కదా, నవ్వకపోతే బాగోదన్నట్టు కొంచెం నవ్వాడు.

"అన్నయ్యా, అది... తను నేర్చుకొచ్చింది కదా..." అన్నాడు వినిపించీ వినిపించకుండా.

"ఏం తమ్ముడూ, నా చెయ్యి పనికిరాదా?"

"అయ్యో, ఎంతమాట అన్నయ్యా!" అంటూ ఆ వెర్రిబాగులవాడు చెయ్యి చాచేశాడు.

"బావా, నీ బొటనవేలు చీము పట్టి ఉంది. దాంతో ముట్టుకోవద్దు" అన్నాను. గట్టిగానే అన్నాను. అందరూ విన్నారు.

"బయటికి పోయే చీము లోపలికి ఎలా పోద్దే, పిచ్చి మొహమా!" అన్నాడు బావ. మళ్లీ నవ్వులు. ఆ నవ్వుల మధ్యే ఆ పుచ్చిన గోటిని గాయంలోకి దించాడు.

నేనేం చేశానో చెప్పనా? ఏమీ చెయ్యలేదు. రెండు చేతులకీ గ్లోవ్స్ అప్పటికి పడ్డాయి. ఒక్క తోపు తోస్తే బావ బల్ల అవతల పడేవాడు. కానీ పెద్దల్లుడు, మేస్త్రీ, అక్క మొగుడు, మాకు పని ఇప్పించినవాడు. అందరి ముందూ తోస్తే అక్క మళ్లీ మా గడప తొక్కదు. ఇవన్నీ ఆ నాలుగు క్షణాల్లోనే నా బుర్రకి తట్టాయి, మొగుడి వేలు తప్ప. వాళ్లందరినీ తిట్టిన నోటితో నన్ను నేను తిట్టుకోకపోతే అన్యాయం. గ్లోవ్స్ వేసుకున్న చేతులు కట్టుకుని, బొమ్మలా నిలబడి చూశాను. థూ, నా బతుకు.

గాజు ముక్క వచ్చింది. బావ పైకెత్తి చూపించాడు. చప్పట్లు కూడా కొట్టారు. ఊదాడు, రుమాలు కట్టాడు. ఆసుపత్రికి వెళదామని నేనంటే, "రక్తం ఆగాక ఆసుపత్రి దేనికి? సూదులు పొడిపించుకోడానికా?" అన్నాడు.

ఆ సాయంత్రం ఇంట్లో వేడినీళ్లు కాచి, చల్లార్చి, సబ్బు పెట్టుకుని కూర్చున్నాను. కట్టు విప్పి కడుగుదాం అన్నాను.

"వద్దే. మూడోరోజు తనే విప్పుతానన్నాడు అన్నయ్య. ముందే విప్పితే బాధపడతాడు."

"ఆయన బాధ సంగతి సరే, మీ వేలు?"

"ఏం కాదులే. ఆయన హస్తవాసి మంచిదంటారుగా."

కట్టుకున్నవాడు కూడా అంతే! బతిమాలాను, తిట్టాను, పిల్ల చేత చెప్పించాను. రెండోరోజు వేలు బిగుసుకుపోయి జివ్వుజివ్వుమని సలుపుతోందన్నాడు. "మానేటప్పుడు అలాగే ఉంటుందట, అన్నయ్య చెప్పాడు" అని కూడా అన్నాడు. మూడోరోజు పొద్దున్న నీళ్ల గ్లాసు పట్టుకోబోయి వదిలేశాడు. ఒళ్లు కాలిపోతోంది. మణికట్టు మీదుగా ఎర్రగా ఒక చార పైకి పాకుతోంది. ఇంక నేను అడగలేదు. గ్లోవ్స్ వేసుకుని, కత్తెర తెచ్చి ఆ రుమాలుని కోసేశాను. వాసన గుప్పుమంది. మా పిల్ల ముక్కు మూసుకుని బయటికి పరుగెత్తింది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ కుర్రపిల్ల. తిన్నదో లేదో, నిద్రపోయిందో లేదో అన్నట్టుంది. వేలు చూసి, "ఎవరు వైద్యం చేశారు దీనికి?" అంది.

"మా బావండి."

"డాక్టరా?"

"మేస్త్రీ అండి."

ఆవిడ ఇంకేం అడగలేదు. అన్నీ నేనే చెప్పాను, గోరు సంగతీ, గోరుచుట్టు సంగతీ, ఊదిన సంగతీ.

"దాంతోనే అని ప్రమాణం చేసి చెప్పలేను. మీ మిషను నీళ్లలోంచి కూడా రావచ్చు. కానీ చీము పట్టిన గోటితో గాయంలో కెలికితే ఇలా అవడానికే ఎక్కువ వీలు. మొదటి రోజే శుభ్రంగా కడిగి, సూది వేయించుకుని ఉంటే ఇంతదూరం వచ్చేది కాదమ్మా" అంది.

రెండుసార్లు వేలు కోసి, కడిగి, చీము తీశారు. ఆగలేదు. ఆరోరోజు, ఇంక అరచేతిలోకి దిగుతుందని, ఆ వేలు తీసేశారు. మొదలంటా.

బావ ఆసుపత్రికి రోజూ వచ్చాడు. రాలేదని అనను. వచ్చి పక్క మంచాలవాళ్లకి తొడ తెగినవాడి కథ చెప్పేవాడు. వార్డు నర్సు రక్తం తియ్యడానికి గ్లోవ్స్ వేసుకుంటుంటే, "ఇవన్నీ మనకి అక్కర్లేదమ్మా, నేను ఇరవై ఏళ్లుగా..." అని మొదలుపెట్టాడు. ఆవిడ తలెత్తకుండానే, "మీరు బయట నిలబడండి" అంది. ఆ ఆసుపత్రిలో నాకు నచ్చిన మాట అదొక్కటే.

వేలు తీసేసిన రోజు సాయంత్రం వరండాలో నాకు తన బొటనవేలు చూపించాడు. గోరుచుట్టు పగిలి, ఎండి, పొట్టు రాలి, కొత్త చర్మం వచ్చింది.

"చూశావా? మందు లేదు, మాకు లేదు. దానంతటదే మానింది. హస్తవాసంటే ఇదీ" అన్నాడు.

గోడకి తల కొట్టుకుందామనుకున్నాను. నా తల కాదు, ఆయన తల.

షెడ్డులో తీర్పు ఏమిటో తెలుసా? "మేస్త్రీ చెయ్యి పడబట్టి సరిపోయింది, లేకపోతే చెయ్యి చెయ్యంతా పోయేది." కోత బల్ల పెద్దాయన నా దగ్గరికి వచ్చి మరీ ఓదార్పుగా ఈ మాట చెప్పి వెళ్లాడు. యజమాని మా ఆయనకి చెక్కే పని తీసేసి, అద్దాల మధ్య కాగితాలు పెట్టి సర్దే పని ఇస్తానన్నాడు. అక్కడ కూర్చునేవాళ్లకి కళ్లు మూసుకుని తడిమి చూడాల్సిన పనేమీ ఉండదు. కాగితం ఎలా పెట్టినా కాగితమే.

ఇంటికొచ్చాక ఆ కట్టు రోజూ నేనే మార్చాను. మొదటిరోజు నేను గ్లోవ్స్ వేసుకుంటుంటే ఆయన కిటికీ వైపు చూస్తూ కూర్చున్నాడు. లేని వేలు దురద పెడుతోందని మాత్రం ఒకసారి అన్నాడు. ఆ మాటకి నేను వంటింట్లోకి వెళ్లి కొళాయి తిప్పుకుని ఏడ్చాను.

ఆదివారం మధ్యాహ్నం బావా అక్కా పళ్లు పట్టుకుని వచ్చారు. మా ఇల్లంటే ఒక గది, ఒక వంటిల్లు. మా ఆయన మంచం మీద గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. అక్క కుర్చీలో కూర్చుంది. బావ చెప్పులు గుమ్మంలో విడిచి, తిన్నగా వచ్చి మంచం అంచున కూర్చున్నాడు. బస్సు కమ్మీలు పట్టుకుని వచ్చిన చేతులు, చెమటతో మెరుస్తున్నాయి.

"ఏదీ తమ్ముడూ, వీళ్లు కట్టు ఎలా కట్టారో చూద్దాం. ఈ ఆసుపత్రివాళ్లకి కట్టడం రాదు" అన్నాడు చేతులు చాపుతూ.

"ముట్టుకోకు బావా" అన్నాను.

"మొదలుపెట్టిందిరా రబ్బరమ్మ. ఇంట్లో కూడానా?"

"ఇంట్లో కూడానే. నీ గోరుచుట్టు చీమే ఆయన వేలు తినేసింది. అందరి ముందూ చెప్పాను, వినలేదు. నీ గోటితో కెలికి కెలికి నా కొంప తీశావు. ఇంకా తొమ్మిది ఉన్నాయని వచ్చావా?"

అక్క చివ్వున లేచింది. "ఏంటే ఆ మాటలు? పెద్దా చిన్నా లేదా? మీకు అన్నం పెట్టిన మనిషిని పట్టుకుని..."

"మాకు అన్నం పెట్టింది ఆయన వేలు అక్కా. నీ మొగుడు కాదు."

బావ మొహం ఎర్రబడింది. నా వైపు చూడను కూడా చూడలేదు.

"డాక్టరమ్మే ప్రమాణం చేసి చెప్పలేనంది. ఇదెవరు చెప్పడానికి? తమ్ముడూ, నువ్వు చెప్పు. పోయింది నీ వేలు. నావల్లేనా?"

నేను మా ఆయన వైపు చూశాను. ఒక్కసారి, ఒకే ఒక్కసారి నోరు తెరవండి అని మనసులో వెయ్యి దండాలు పెట్టుకున్నాను. ఆయన బావ మొహంలోకి చూశాడు. ఎప్పటిలాగే కొంచెం నవ్వాడు.

"అయ్యో, అదేం మాట అన్నయ్యా? నీవల్ల ఎందుకవుతుంది? నా రాత."

చచ్చిపోదామనిపించింది. వేలు పోయింది, పని పోయింది, ఆ దిక్కుమాలిన మర్యాద మాత్రం చెక్కుచెదరలేదు. అంత అసహ్యం నాకు మా బావ మీద కూడా ఎప్పుడూ కలగలేదు.

"విన్నావుగా?" అన్నాడు బావ నాతో. ఛాతీ ఇంత వెడల్పయింది. తృప్తిగా మా ఆయన వైపు తిరిగి, మళ్లీ రెండు చేతులూ చాపాడు. "ఇలా తే తమ్ముడూ."

మా ఆయన ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. నవ్వుతూనే కట్టు ఉన్న చేతిని వీపు వెనక్కి పెట్టుకున్నాడు.

బావకి అర్థం కాలేదు. "నొప్పా?" అన్నాడు.

"లేదన్నయ్యా."

"మరి ఇలా ఇవ్వు. ఒక్కసారి చూస్తాను."

"పర్లేదులే అన్నయ్యా" అన్నాడు మా ఆయన, ఎంతో మర్యాదగా. ఇంకొంచెం వెనక్కి జరిగి, ఆ చేతికీ గోడకీ మధ్య సందు లేకుండా ఒరిగి కూర్చున్నాడు.

బావ చేతులు దుప్పటి మీద అలాగే వెల్లకిలా ఉండిపోయాయి. అక్క ఆ చేతుల వంక చూసింది. ఇన్నేళ్లలో ఆ చేతుల్ని మొదటిసారి చూస్తున్నట్టు చూసింది. కాసేపటికి బావ చేతులు వెనక్కి తీసుకుని, ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, జేబుల్లో పెట్టుకున్నాడు. బస్సుకి టైమైందన్నాడు. నేను మంచినీళ్లు కూడా ఇవ్వలేదు, వాళ్లూ అడగలేదు. వాళ్ల చెప్పుల చప్పుడు మెట్లన్నీ దిగి వీధిలో కలిసిపోయేదాకా మా ఆయన ఆ చేతిని ముందుకి తియ్యలేదు.